మండు, మాడు

తొమ్మిదో తరగతి పిల్లలకు ‘వేసవి మధ్యాహ్నం’ అని వ్యాసం ఇచ్చాను. నలభై ఒక్క పుస్తకాలు వచ్చాయి. ముప్ఫై పైచిలుకు పుస్తకాల్లో మొదటి వాక్యం దాదాపు ఒక్కటే. భానుడు ప్రచండ కిరణాలతో నిప్పులు చెరుగుతున్నాడు, మండుటెండలో ప్రజలు అల్లాడుతున్నారు. ఒకరిది చూసి ఒకరు రాశారని కోప్పడడానికి లేదు. అందరూ ఒక్కచోట చూసే రాశారు. ఆ చోటు దినపత్రిక కావచ్చు, గైడు కావచ్చు, నేనే నల్లబల్ల మీద రాయించిన ‘వర్ణనకు పనికివచ్చే పదాలు’ కావచ్చు.

ఒక్క అమ్మాయి మాత్రం ఇంకో రకంగా రాసింది. వాళ్ళమ్మ మిరపకాయల కళ్ళంలోకి కూలికి పోతుందట. చీకటితో పోయి పదకొండింటికి వస్తుందట. వచ్చేటప్పుడు కొంగు తడిపి నెత్తిన వేసుకుంటే బజారు మలుపుదాకా తడి ఉంటుందట, అక్కణ్ణించి ఇంటిదాకా ఉండదట. చెప్పు తెగిన రోజున నాపరాళ్ళ దారి వదిలి, కాలవగట్టున గడ్డి చూసుకుంటూ చుట్టు తిరిగి వచ్చిందట. అంతే. పేజీన్నర. అందులో భానుడు లేడు, ప్రచండం లేదు, మండుటెండ లేదు. నేను పదికి ఆరు మార్కులు వేసి, ‘విశేషణాలు వాడవలసింది’ అని ఎర్రసిరాతో రాశాను.

ఆ మాట రాసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అయితే నా సిగ్గుతో పాఠకులకు పనిలేదు. ఆ అమ్మాయి వ్యాసంలో విశేషణం ఎందుకు లేదు, మిగతా వాటిలో ఎందుకు ఉంది అన్నది మాత్రం రచయితలు విచారించవలసిన విషయమే. ఎందుకంటే ఈ జబ్బు తొమ్మిదో తరగతితో ఆగలేదు. పత్రికలకు వచ్చే కథల్లో, కవితల్లో, శ్రమజీవుల గురించి నిజాయితీగా రాయాలనుకునే వాళ్ళ రాతల్లో కూడా ఎండ వచ్చేసరికి కలం ‘మండుటెండ’ దగ్గర ఆగిపోతున్నది. మాట పడింది గనుక ఎండ వచ్చేసిందని రచయిత అనుకుంటాడు. చదివేవాడికి చెమట పట్టదు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మండు అన్నది ధాతువు. ‘మండునట్టి’ అనే అర్థంలో మరో నామం ముందు నిలబడితే అది తద్ధర్మార్థక విశేషణం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం ఉకారంతో ముగిసే ఇట్లాంటి విశేషణానికి అచ్చు పరమైనప్పుడు నుగాగమం రావాలి. చేయు, అతడు కలిస్తే చేయునతడు. వచ్చు, అప్పుడు కలిస్తే వచ్చునప్పుడు. ఆ లెక్కన మండు, ఎండ కలిస్తే ‘మండునెండ’ కావాలి. కానీ జనం నోట, కవుల కలాన నిలిచింది మండుటెండ. అక్కడ వచ్చింది టుగాగమం. కర్మధారయంలో, ఉత్తు మీద అచ్చు పరమైనప్పుడు వచ్చేది. నిగ్గుటద్దం, చిగురుటాకు, పండుటాకు వరసలో మండుటెండ కూర్చుంది. (పండుటాకులో ‘పండు’ క్రియా, నామమా అని మా క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. గంట కొట్టారు గనుక నేను బతికిపోయాను.)

వైయాకరణులు దీనికి సమాధానం చెప్పుకోగలరు. ఇక్కడ ‘మండు’ క్రియగా లేదు, గుణవాచకంగా స్థిరపడింది, అందువల్ల టుగాగమం అంటారు. సరే. నేను పట్టుకోదలచింది సరిగ్గా ఆ సమాధానాన్నే. ‘ఎండ మండుతోంది’ అన్నప్పుడు ఒక పని జరుగుతున్నది. దానికి కాలం ఉంది, ఇప్పుడు జరుగుతున్నది. అది ఎవరికో తగులుతున్నది. ‘మండే ఎండ’ అన్నప్పుడు కూడా క్రియ ప్రాణం పూర్తిగా పోలేదు. ‘మండుటెండ’ అనేసరికి క్రియ గడ్డకట్టింది. అది ఎండకు ఒక రకం పేరయింది, చిగురుటాకు ఆకులో ఒక రకం అయినట్టు. ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఎవరి నెత్తిన అనే ప్రశ్నలేవీ ఆ మాటను అడగలేం. టుగాగమం చేసిన పాపం కాదిది. వాడగా వాడగా ప్రతి మంచి మాటకూ పట్టే గతి. ‘నిప్పులు చెరగడం’ చూడండి. చెరగడం చేటతో చేసే పని. గింజ చేటలో నిలుస్తుంది, పొట్టు ఎగిరిపోతుంది. ఆకాశంలో చేట పట్టుకుని నిప్పులు చెరుగుతున్నట్టుంది అన్న మొట్టమొదటి మనిషి, బహుశా ఆడమనిషి, గొప్ప కవి. ఇవాళ ఆ మాట రాసేవాళ్ళలో ఎందరికి చేట కనిపిస్తున్నది?

ఇక ‘మండు’ అర్థాల విస్తృతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పొయ్యి మండుతుంది. పుండు మండుతుంది. కళ్ళు మండుతాయి. ఒళ్ళు మండుతుంది, అంటే కోపం వస్తుంది. ధరలు మండుతాయి. ధరలు మండితే కడుపు మండుతుంది. నామరూపమైన ‘మంట’ కూడా అంతే. అది జ్వాలా అవుతుంది, బాధా అవుతుంది. ‘కడుపుమంట’ మాటనే తీసుకోండి. బిడ్డ పోయిన తల్లి నోట అది దుఃఖం. కూలి పెంచమన్న వాళ్ళను చూసి ఆసామి అన్నప్పుడు అదే మాట అసూయ. ‘మా ఇల్లు చూసి వాళ్ళకు కడుపుమంట’ అంటాడు. ఒక్క మాట నోరు మారితే అర్థం తిరగబడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ విస్తృతి వల్లనే మన అభ్యుదయ, విప్లవ కవులు ఈ ధాతువును ఇష్టపడ్డారు. అగ్నికి మన కవిత్వంలో పెద్ద వంశమే ఉంది. నజ్రుల్ ఇస్లామ్ 1922లో బెంగాలీలో ‘అగ్నివీణ’ తెచ్చాడు. అదే పేరుతో అనిసెట్టి సుబ్బారావు తెలుగులో కావ్యం తెచ్చారు. దాశరథి ‘అగ్నిధార’ 1949 నాటిది. 1965లో దిగంబర కవులు వచ్చేనాటికి అగ్ని పుస్తకం పేరు నుంచి కవి పేరులోకే వచ్చింది, జ్వాలాముఖి. నిజాం పాలన మీద, భూస్వామ్యం మీద, కుళ్ళిన నగర జీవితం మీద ఆ అగ్ని రగిలించవలసిందే రగిలించింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాదు. కానీ వారసత్వంగా వచ్చిన దానితో ఒక చిక్కు ఉంది. తర్వాతి తరంలో ఎండ ఎండగా ఉండడం మానేసింది. కవితలో కూలివాడి నెత్తిన సూర్యుడు కనిపించగానే, నాలుగో పాదంలో ఆ సూర్యుడు తిరుగుబాటు కాబోతున్నాడని పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. ‘మండే ఎండ’కు ‘మండే గుండె’ ప్రాస సిద్ధంగా ఉంటుంది. ఎండ వల్ల మనిషికి కోపం రాదు. మొదట దాహం వేస్తుంది. తర్వాత తల తిరుగుతుంది. ఆ తర్వాత మాట తడబడుతుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. ఈ మెట్లు దాటించి కూలివాణ్ణి ఒక్క గంతులో అగ్నికణం చేసేస్తే, మనం అతని తిరుగుబాటును గౌరవించినట్టూ కాదు, అతని దాహాన్ని గుర్తించినట్టూ కాదు.

తెలుగులో ఇంకో ధాతువు ఉంది, మాడు. మండుకీ మాడుకీ తేడా పొయ్యి దగ్గర నిలబడితే తెలుస్తుంది. మండేది కట్టె, మాడేది కుండలో అన్నం. మండు అన్నది నిప్పు పక్షాన నిలబడి చెప్పే మాట. మాడు అన్నది నిప్పు మీద పెట్టిన దాని పక్షాన చెప్పే మాట. ‘పైరు మలమలా మాడిపోయింది’ అంటాడు రైతు. ‘పొద్దుటినుంచి కడుపు మాడ్చుకుని ఉన్నాను’ అంటుంది ఇల్లాలు. ఎండా ఆకలీ ఆ ధాతువులో పక్కపక్కనే ఉన్నాయి. మాడు అంటే నడినెత్తి కూడా. ‘మాడు పగిలే ఎండ’ అన్నప్పుడు ఎండను కొలవడానికి తీసుకున్న కొలత మనిషి శరీరం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అన్నప్పుడు కొలత ఇంటి ముందు రాయి. రెండిట్లోనూ ఎండ గుణం చెప్పలేదు, ఎండ చేసిన పని చెప్పారు.

కూలిజనం మాటల్లో ఎండ ఎప్పుడూ ఇట్లా తగిలిన చోటునుంచే వస్తుంది. గొంతు తడారింది. నాలుక పిడచ కట్టుకుపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. సొమ్మసిల్లి పడిపోయాడు. వీటిలో ఎండ అన్న మాటే లేదు. అయినా వీటిని వినేవాడికి ఏం జరిగిందో విప్పి చెప్పనక్కరలేదు. మా అమ్మాయి వ్యాసంలో కొంగు ఆరిన దూరం కూడా ఇట్లాంటి కొలతే. కళ్ళం నుంచి బజారు మలుపు ఎంత దూరమో మా ఊరివాళ్ళకు తెలుసు.

దీనికి ఎదురుగా సంస్కృత విశేషణాలు ఉన్నాయి. చండ, ప్రచండ, తీవ్ర, ఖర, తిగ్మ. సంస్కృతం గనుక చెడ్డవి అనే వాదం నాది కాదు. అది సోమరి వాదం. ‘తాపం’ సంస్కృతమే, ఎంత అవసరమైన మాట! అయితే చండ, ప్రచండ శబ్దాలు ఒకనాటి దర్బారు మాటలు. వీటిని రాజు పరాక్రమానికీ సూర్యుడికీ కలిపి వాడారు. శత్రువులను మాడ్చే రాజు ప్రతాపం, లోకాన్ని మాడ్చే భానుడి ప్రతాపం కవికి ఒకే అలంకార సామగ్రి. ప్రతాపం అన్న మాటలోనే తాపం ఉంది. ప్రతాపం చూపేవాణ్ణి పొగడాలే గాని నిలదీయలేం. ఈ దర్బారు మాట ఇవాళ దినపత్రికల శీర్షికల్లో బతుకుతున్నది. ‘భానుడి భగభగ’, ‘చండ్ర నిప్పుల ఎండ’, ‘నిప్పుల కొలిమి’. రామగుండం పేరు చివర గుండం ఉండడం పత్రికలవాళ్ళకు వరం. ప్రతి మే నెలలో అది అగ్నిగుండం కావలసిందే. ఆ శీర్షిక కింద, చిన్న అక్షరాల్లో, ‘వడదెబ్బకు ముగ్గురు బలి’.

ఎవరికి బలి? భానుడికి. వాక్యనిర్మాణం అట్లా చెబుతున్నది. దేవుడు కోపించాడు, మనుషులు పోయారు. పనివేళలు ఎవరు నిర్ణయించారు, నీళ్ళు ఎంత దూరాన ఉన్నాయి, నీడ ఎవరు వేయలేదు అన్న ప్రశ్నలు ఆ వాక్యంలో ఇమడవు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మెత్తగా ఉడుకుతున్న తారు రోడ్డు మీద కంకర పరిచేవాడు చనిపోతే అందులో సూర్యుడి వాటా ఎంత, కంట్రాక్టరు వాటా ఎంత అన్నది లెక్క తేలవలసిన విషయం. ప్రచండ శబ్దం ఆ లెక్కను మొదటి వాక్యంలోనే కొట్టేస్తున్నది.

ఇది మాటల గారడీ కాదని తెలియడానికి చావుల అంకెలు చాలు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎండలకు చనిపోయినవాళ్ళు 3,000 పైచిలుకు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 దాటారు. వీళ్ళలో ఎక్కువమంది కూలీలూ, ముసలివాళ్ళూ. ఇవి లెక్కకెక్కినవి మాత్రమే. లెక్కకెక్కడానికి ‘వడదెబ్బ’ అన్న మాట అధికారి కాగితం మీద పడాలి. ఆ మాటను ఒకసారి పరీక్షగా చూడండి. దెబ్బ అంటే ఒక్కసారి తగిలేది, తగలగానే మనిషి పడిపోయేది. పొలంలో పడిపోతే అది వడదెబ్బ. నాలుగు రోజులు ఎండలో పనిచేసి, రాత్రిపూట కూడా చల్లబడని రేకుల ఇంట్లో నిద్రలేక, ఐదోనాడు తెల్లవారుజామున మంచంలోనే పోయిన ముసలామెది ఏ దెబ్బ? ‘గుండె ఆగి చనిపోయింది’ అని రాస్తారు. అందరి గుండే ఆగే పోతుంది. పరిహారం వచ్చేదీ రానిదీ ఒక సమాసంలో ఉత్తరపదం మీద ఆధారపడి ఉన్నదంటే తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళం ఉలిక్కిపడాలి.

అంకె కూడా ఒక రకం విశేషణమే అనుకుంటాను. ‘నలభై అయిదు డిగ్రీల ఎండ’ అని రాస్తే చాలా శాస్త్రీయంగా ఉన్నట్టుంటుంది. ఆ నలభై అయిదు ఎండది కాదు, నీడది. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాన్ని తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, గాలి ఆడేట్టు, నేలకు నాలుగడుగుల ఎత్తున, నేరుగా ఎండ తగలకుండా పెడతారు. అట్లా కొలవడమే సరైన పద్ధతి. గాలి వేడి తెలియాలంటే అట్లాగే కొలవాలి. కానీ బండరాళ్ళ మధ్య నిలబడ్డ మనిషికి తగిలేది ఒక్క గాలి వేడే కాదు. పైనుంచి ఎండ, కిందనుంచి రాతి సెగ, పక్కనుంచి వడగాలి. తెల్ల పెట్టెలో అంకెను తెచ్చి నాయకుడి నెత్తిన పెట్టే కథకుడు తెలియకుండానే అతనికి గొడుగు పట్టినవాడవుతున్నాడు.

సెగ అన్నాను. ఇక్కడ మన భాష సంపద చూసి గర్వపడవచ్చు. వేడి ఒక వస్తువు గుణం. సెగ నిప్పునుంచో కాగిన రాతినుంచో ఎదురుగా వచ్చి ముఖానికి తగిలేది. వడ గాలితో వచ్చేది. ఉక్క గాలి లేనప్పుడు ఒంట్లోనుంచి పుట్టేది. ఉడుకు లోపల ఉండేది. కాక చాలాసేపు నిలిచి ఉండేది, జ్వరానిదైనా నేలదైనా. ఇవి పర్యాయపదాలు అని విద్యార్థుల చేత బట్టీ పట్టిస్తున్నాం. కావు. ఇవి ఊళ్ళను పట్టి, పనులను పట్టి విడిపోయిన మాటలు. మా పల్నాట్లో మేనెల అంటే వడ. రెంటచింతల ఎండ ఎట్లాంటిదో రాష్ట్రంలో అందరూ విన్నదే. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చెట్టు నీడకు పోతే ఊపిరి తిరుగుతుంది. విశాఖపట్నంలో అంత వేడి లేదు. ఉన్నది ఉక్కపోత. ఒళ్ళంతా చెమట కారుతుంది, ఆరదు. చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది గనుక అక్కడ నీడలోకి వెళ్ళినా సుఖం లేదు. అందుకే వాతావరణ శాఖ వడగాడ్పులు ప్రకటించడానికి మైదానంలో 40 డిగ్రీలు కనీస హద్దుగా పెట్టుకుంటే, తీరంలో 37 పెట్టుకుంది. శాఖకు తెలిసిన ఈ తేడా మన కథలకు తెలియడం లేదు. విశాఖ రేవులో మూటలు మోసే కళాసీకీ మండుటెండే, మాచర్ల నాపరాళ్ళ క్వారీలో పనివాడికీ మండుటెండే. మొదటివాడి కథలో ఉక్క అన్న ఒక్క మాట పడితే సముద్రం ఎక్కడో దగ్గర్లో ఉన్నదని పాఠకుడికి చెప్పనక్కరలేకపోయేది.

పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర పనిచేసే వాళ్ళ మాటలు వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. బట్టీ నిప్పు ఒకవైపు, ఎండ ఒకవైపు. కాల్చిన రాయి మీద నీళ్ళు పోస్తే అది పొగలు కక్కుతూ ఉడుకుతుంది. ‘సున్నం ఉడుకుతోంది’ అంటారు. నీళ్ళు పోస్తే చల్లబడాలి గదా అనే మన తెలివి అక్కడ పనిచేయదు. ఈ మూడు వేడిమిలనూ కలిపి ‘మండే జీవితాలు’ అని రాయడం సులభం. విడివిడిగా చెప్పడానికి మాత్రం బట్టీ దగ్గరికి వెళ్ళాలి.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోటినుంచి సేకరించిన మాటలవి. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ఒక పనిముట్టుకు, ఒక చేతిపనికి జిల్లా జిల్లాకు ఎన్ని మాటలున్నాయో చూపించిన గొప్ప కృషి అది. రచయితలు దాన్ని పరీక్షకు చదివే పుస్తకమనుకుని వదిలేశారు. బట్టీలు, క్వారీలు, రేవుల్లో వినిపించే మాటలను అదే పద్ధతిలో ఎవరైనా పోగుచేస్తే ఎండకు సంబంధించినవే ఒక అధ్యాయం అవుతాయని నా నమ్మకం.

పాత కవులను ఒక్క గాటన కట్టి కొట్టిపారేయడం కూడా తప్పే. ఆముక్తమాల్యదలో గ్రీష్మవర్ణన చదవండి. అతిశయోక్తులు ఎన్ని ఉన్నా అందులో బాటసారులూ చలిపందిళ్ళూ కనిపిస్తాయి. రాజు రాసిన కావ్యంలో నీళ్ళు తాగే మనిషి ఉన్నాడు. శ్రీనాథుడి పేర చెలామణీ అయ్యే పల్నాటి చాటువుల సంగతి ఇంకా విచిత్రం. రాజభోగాలు మరిగిన కవి మా సీమకు వచ్చి విసుక్కున్నాడు. రాళ్ళను తిట్టాడు, నీళ్ళను తిట్టాడు, జొన్నకూడును తిట్టాడు, పాముల్నీ తేళ్ళనూ తిట్టాడు. అంతా వస్తువుల జాబితా. ఎండకు ఒక్క విశేషణం వేసి వర్ణించలేదు. అయినా ఆ పద్యాలు చదువుతుంటే మాకు అరికాళ్ళు చురుక్కుమంటాయి. ఆయన మా ఊళ్ళను వెక్కిరించాడని పల్నాటివాణ్ణిగా నాకు కోపమే. కానీ ఆ విద్య మాత్రం నేర్చుకోదగింది.

పంచాంగం రాసేవాళ్ళు ఈ ఎండకు విశేషణం పెట్టలేదు, పేరు పెట్టారు. కర్తరి. సూర్యుడు భరణి చివరా కృత్తికలోనూ ఉండే రోజులు, మే మొదటి వారం నుంచి నెలాఖరు దగ్గరదాకా. కర్తరిలో చెట్టు కొట్టకూడదు, బావి తవ్వకూడదు, ఇంటిపని మొదలుపెట్టకూడదు అంటారు. నాకు ముహూర్తాల మీద నమ్మకం లేదు. అయినా ఈ మాటను చూసి ఆగవలసి వచ్చింది. ఎండను చెప్పే మాటలోనే పని ఆపమనే మాట ఇమిడి ఉంది. ప్రచండంలో గాని మండుటెండలో గాని అది లేదు. ఆ నియమం ఇంటి యజమాని శుభం కోసం పెట్టిందా, తట్ట మోసే మనిషి కోసం పెట్టిందా అంటే మొదటిదే అని నా అనుమానం. పని ఆగిన ఆ రోజుల కూలి ఎవరిస్తారో పంచాంగంలో లేదు.

ఇంతవరకు చెప్పింది చదివి, అయితే ఎండను ఎప్పుడూ శత్రువుగానే రాయాలా అని ఎవరైనా అడగవచ్చు. తెలుగు రైతు అట్లా అనుకోడు. అతనికి ఎండ ఒక పైరు లాంటిది. పొద్దున లేత ఎండ. పది దాటితే ఎండ ముదురుతుంది. సాయంత్రం వాలుతుంది, నీరెండ అవుతుంది. ఎండ కాస్తుంది. చెట్టు కాసినట్టే, వెన్నెల కాసినట్టే. భాషాశాస్త్రం వేడెక్కడం అనే కాయు ధాతువును, ఫలించడం అనే కాయు ధాతువును వేర్వేరుగా చూపుతుంది. అది నిజమే కావచ్చు. చెవికి మాత్రం రెండూ ఒక్కటే. మిరపకాయలు ఆరబోసినవాడు, వడియాలు పెట్టినామె, ఇటుక కోసినవాడు, బట్టలు ఉతికినవాడు ‘మంచి ఎండ’ అంటారు. తగలెట్టే ఎండకు మంచి అన్న విశేషణం వేసే వాళ్ళున్నారని మన పర్యాయపద పట్టికలకు తెలియదు.

ఒకసారి పెళ్ళికని వెళ్ళి చినగంజాం ఉప్పుమళ్ళు చూశాను. మే నెల, పన్నెండు కావస్తున్నది. ఉప్పునీళ్ళు ఎండకు ఇగిరి, మడి అడుగున తెల్లగా పేరుకుంటాయి. దాన్ని పలకతో లాగి కుప్ప వేస్తారు. ఆ తెలుపు మీద పడ్డ ఎండ కళ్ళలో పొడుస్తున్నది. నేను చేతిరుమాలు తలకు కట్టుకుని నిలబడ్డాను. ఉప్పు లాగుతున్న పెద్దామె అరికాళ్ళు పగుళ్ళు వేసి ఉన్నాయి. పగుళ్ళలో ఉప్పు తెల్లగా దిగి ఉంది.

“ఏం ఎండమ్మా ఇది, ఎట్లా పనిచేస్తున్నారు?” అన్నాను.

ఆమె పలక ఆపకుండానే ఆకాశంకేసి చూసింది. దక్షిణాన చిన్న మబ్బు ఉంది.

“ఎక్కడ బాబూ, మూడ్రోజుల్నించీ మబ్బేస్తా ఉంది. ఎండ చాల్లా. రేపు వానగాని పడిందా, ఇదంతా నీళ్ళే” అంది.